భాభా పరిక్షేపణం

హోమీ జహంగీర్ భాభా పేరు వినగానే మనకు అణువిద్యుత్తు, ట్రాంబే పరిశోధన కేంద్రం గుర్తుకు వస్తాయి. అంతకు ఎన్నో ఏళ్ళ ముందే, ఇరవయ్యారేళ్ళ ప్రాయంలో కాగితంపై సాధించిన ఒక లెక్కతో ఆయన పేరు భౌతికశాస్త్రంలో శాశ్వతమైంది.

భాభా 1909 అక్టోబరు 30న బొంబాయిలో సంపన్న పార్సీ కుటుంబంలో జన్మించారు. తండ్రి న్యాయవాది, మేనత్త టాటాల ఇంటి కోడలు. కుమారుడు ఇంజనీరై జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారంలో చేరాలన్నది పెద్దల కోరిక. ఆ ఉద్దేశంతోనే 1927లో ఆయనను కేంబ్రిడ్జికి పంపారు. కాని భాభా మనస్సు భౌతికశాస్త్రం మీద లగ్నమైంది. ఇంజనీరింగు తనకు సరిపడదని 1928లో తండ్రికి లేఖ రాశారు. తండ్రి ఆగ్రహించలేదు, అలాగని వెంటనే అంగీకరించనూ లేదు. చేపట్టిన చదువులో ప్రథమశ్రేణి సాధిస్తే గణితం చదివిస్తానన్నారు. న్యాయవాదికి తగిన షరతే అది! 1930లో భాభా ఆ షరతు నెరవేర్చారు.

1932లో కార్ల్ ఆండర్సన్ విశ్వకిరణాలలో పాజిట్రాన్‌ను కనుగొన్నారు. అది ఎలక్ట్రాన్‌తో సమానమైన ద్రవ్యరాశి, ధనావేశం గల కణం. డిరాక్ సిద్ధాంతం దానిని ముందే ఊహించింది. ఒక కణం మరొక కణాన్ని సమీపించి దారి మళ్ళడమే పరిక్షేపణం. రెండు ఎలక్ట్రాన్ల పరిక్షేపణాన్ని మోలర్ అప్పటికే లెక్కగట్టారు. మరి ఎలక్ట్రాన్‌కు పాజిట్రాన్ ఎదురైతే?

అవి రెండూ వేర్వేరు కణాలు కనుక దారి మళ్ళి పోతాయనుకోవడం సులభం. భాభా అక్కడితో ఆగలేదు. ఆ జంట పరస్పరం నశించి, ఆ శక్తి నుండి కొత్త జంట పుట్టవచ్చు కదా! బయటికి వచ్చినది పాత జంటయో, కొత్త జంటయో చెప్పడం ఎవరి తరమూ కాదు. కనుక రెండు మార్గాలనూ కలిపే లెక్కించాలని ఆయన నిరూపించారు. వేగం తక్కువైనప్పుడు రెండవ మార్గం ప్రభావం స్వల్పం. కాంతివేగాన్ని సమీపించే కొద్దీ దానిని విస్మరించడానికి వీలులేదు. డిరాక్ సిద్ధాంతం తప్పయితే ఈ సూత్రమూ తప్పవుతుంది. 1936లో ప్రచురితమైన ఆ సూత్రాన్ని తరువాతి ప్రయోగాలు బలపరిచాయి. భాభా కణాల భ్రమణ దిశలకు సగటు తీసుకొని లెక్కించగా, తరువాతి శాస్త్రజ్ఞులు దానిని ధ్రువణం చెందిన కణపుంజాలకూ విస్తరింపజేశారు.

1939లో సెలవులకు స్వదేశం వచ్చిన భాభా యుద్ధం వల్ల ఇక్కడే నిలిచిపోయారు. బెంగుళూరులో విశ్వకిరణాలపై పరిశోధన సాగించి, 1945లో టాటా మౌలిక పరిశోధన సంస్థను స్థాపించారు. 1956లో అప్సర రియాక్టరు పనిచేయడం ఆరంభించింది. 1966 జనవరి 24న ఆయన ప్రయాణిస్తున్న విమానం ఆల్ప్స్ పర్వతాలలోని మౌంట్ బ్లాంక్ వద్ద కూలిపోయింది.

ఆ విమానం దిగవలసిన జెనీవా నగరం చెంతనే 1989 నుండి 2000 వరకు ఒక మహాయంత్రం ఎలక్ట్రాన్లను, పాజిట్రాన్లను ఢీకొట్టించింది. ఆ పుంజాల తాకిడి ఎంత తీవ్రమో తెలుసుకోవడానికి శాస్త్రజ్ఞులు స్వల్ప కోణాలలో జరిగే భాభా పరిక్షేపణాలనే లెక్కపెట్టేవారు.