మూడేళ్లలో వస్తానని వెళ్లిన యల్లాప్రగడ సుబ్బారావు గారు

మన ఇళ్లలో పిల్లలు విదేశం వెళ్తామన్నప్పుడల్లా ఒకే చర్చ. ఇక్కడి భద్రత మేలా, అక్కడి స్వేచ్ఛ మేలా? గుమాస్తాగా చేసి పింఛను తీసుకుంటున్న నాబోటివాళ్లం భద్రత వైపే మొగ్గుతాం. కానీ డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితం తలచుకుంటే లెక్క అంత తేలిగ్గా తేలదు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మద్రాసు హిందూ హైస్కూల్లో చదివి, మూడో ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ గట్టెక్కారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఉండగా గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టారు. శస్త్రచికిత్స చెప్పే దొరకు అది నచ్చలేదు. చివరికి ఎం.బి.బి.ఎస్. బదులు దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా చేతికొచ్చింది. సర్కారు వైద్య శాఖలో ఉద్యోగం దొరకలేదు. మద్రాసులోనే ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పుకున్నారు.

1923లో మామగారు, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ చేయూతనివ్వగా బోస్టన్ చేరారు. మూడేళ్లలో తిరిగొస్తానని భార్య శేషగిరి గారికి మాటిచ్చి వెళ్లారు. ఆ ఏడాదే అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని తీర్పు చెప్పింది. అంటే ఆయన అడుగుపెట్టింది తనను ఎప్పటికీ పరాయివాడిగానే చూసే దేశంలో.

ఆస్పత్రిలో రాత్రి కూలి పని చేసుకుంటూ హార్వర్డులో చదివారు. ఫిస్కేతో కలిసి రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టారు. కండరాలకు శక్తి ఎలా అందుతుందో తేల్చిన పరిశోధనలో ఆయనది ముఖ్యపాత్ర. 1930లో పీహెచ్.డి. వచ్చింది, పర్మనెంటు ఉద్యోగం మాత్రం రాలేదు. 1940లో లెడర్లీ మందుల కంపెనీకి మారారు. గర్భిణులకు ఇచ్చే ఫోలిక్ ఆమ్లం తయారీ, బోదకాలుకు హెట్రజాన్, క్యాన్సరుకు మెథోట్రెక్సేట్, ఆరియోమైసిన్ అన్నీ ఆయన నడిపిన పరిశోధనశాలలోనివే. ఆయన అన్నదమ్ములిద్దరిని స్ప్రూ వ్యాధి తీసుకుపోయింది. ఆ జబ్బుకు పనికొచ్చే మందు ఈ ఫోలిక్ ఆమ్లమే.

1946లో చట్టం మారి భారతీయులకు పౌరసత్వపు తలుపు తెరుచుకుంది. అయినా 1948 ఆగస్టు 8న, 53 ఏళ్లకే, ఆ దేశపు పౌరుడు కాకుండానే కన్నుమూశారు.

సొంత గడ్డ మీద కట్టుకునే బట్టకు కూడా స్వేచ్ఛ దొరకనివారికి, పరాయి గడ్డ మీద పనిలో స్వేచ్ఛ దొరికింది. నిలకడ మాత్రం చాలాకాలం దొరకలేదు. దాని వెల ఆయనొక్కరే కట్టలేదు. కొడుకు పసితనంలోనే పోయాడు. 1923 తరువాత శేషగిరి గారు భర్తను మళ్లీ చూడలేదు. ఆ మందులతో లక్షల మంది బతికారన్నది నిజమే, ఆమె ఒంటరిగా మిగిలిందన్నదీ అంతే నిజం.

అందుకే పిల్లలను నేను వెళ్లొద్దనను. మీ స్వేచ్ఛకు ఇంట్లో ఎవరు వెల కడుతున్నారో చూసుకోండి, వారితో ముందే మాట్లాడుకోండి అంటాను. వచ్చే జనవరి 12న మన సంఘాల్లో సుబ్బారావు గారి పటానికి దండ వేసేటప్పుడు, శేషగిరి గారి పేరు కూడా ఒక్కసారి చదువుదాం.