ఎడిత్ హౌ-మార్టిన్

విక్టోరియా రాణి ఇంగ్లండు దేశము నేలుచుండెను. సింహాసనముపై స్త్రీయే కూర్చుండియున్నను, పార్లమెంటు సభ్యుల నెన్నుకొను హక్కు ఆ దేశపు స్త్రీలకు లేకుండెను. అట్టి కాలమున, 1875లో, ఎడిత్ హౌ జన్మించెను. ఆమె వేల్సులోని ఆబరిస్ట్‌విత్ కళాశాలలో గణిత, భౌతిక శాస్త్రముల నభ్యసించి, పిమ్మట లండను విశ్వవిద్యాలయ పట్టమును పొందెను. 1899లో హెర్బర్టు మార్టిన్‌ను వివాహమాడి, పుట్టింటి పేరును విడువక భర్త పేరితో జోడించుకొనెను. కొంతకాలము లండనులోని వెస్ట్‌ఫీల్డు కళాశాలలో గణితమును బోధించెను. చదువెరుగని పురుషునకైనను సొంత కాపురమున్నచో ఓటుండెడిది. కళాశాలలో పాఠము చెప్పు నీ విదుషీమణికి మాత్రము లేదు!

ఆ దినములలో ఎమ్మెలీన్ పాంక్‌హర్‌స్ట్ అను నామె ఓటుహక్కు కొరకు ఒక మహిళాసమితిని నడుపుచుండెను. ఆ సమితివారిని ఒక పత్రిక పరిహాసముగా సఫ్రజెట్లని పిలువగా, వారా పేరునే బిరుదుగా గ్రహించిరి. ఎడిత్ అందు చేరి 1906లో కార్యదర్శులలో నొకతె యయ్యెను. ఆ సంవత్సరము అక్టోబరులో పార్లమెంటు భవనములోనే ఉపన్యసింప యత్నించినందుకు ఆమెను నిర్బంధించి, రెండు నెలల శిక్ష విధించిరి. ఉద్యమమున తొలినాళ్లలో కారాగారమున కేగినవారిలో నామె యొకతె.

జైలు కంటె కఠినమైన పరీక్ష మరుసటి యేడు వచ్చినది. 1907లో పాంక్‌హర్‌స్ట్ సమితి నియమావళిని రద్దుచేసి, సర్వాధికారములను తానే వహించెను. సేనలో సేనాని యాజ్ఞయే శాసనమని యామె భావము. నాయకురాలి ధైర్యత్యాగములను ఎడిత్ ఎరుగనిది కాదు. అయినను, దేశమును ఓటడుగుచున్న స్త్రీలకు తమ సొంత సమితిలో ఓటు లేకుండుట ఆమెకు సమ్మతము కాలేదు. షార్లెట్ డెస్పార్డ్, తెరీసా బిల్లింగ్టన్-గ్రెగ్ మున్నగువారితో కలసి వెలుపలికి వచ్చి, మహిళా స్వాతంత్ర్య సంఘమును స్థాపించెను. 1911 వరకు దాని గౌరవ కార్యదర్శిగా నుండెను. ఈ సంఘమువారు దౌర్జన్యమునకు పాల్పడక, పన్నులు చెల్లింప నిరాకరించిరి. 1911 జనాభా లెక్కల నాటి రాత్రి, తమ్మెవ్వరును లెక్కింపకుండునట్లు పెక్కుమంది యిండ్లు వదలి వెడలిపోయిరి. లెక్కకు రాని పౌరులను ప్రభుత్వమెట్లు లెక్కించునని వారి వాదము.

1918లో ముప్పది యేండ్లు నిండిన స్త్రీలలో పెక్కుమందికి ఓటు లభించినది. ఆ యెన్నికలలోనే ఎడిత్ హెండన్ స్థానమునకు పోటీచేసి ఓడిపోయెను. మరుసటి సంవత్సరమున మిడిల్‌సెక్స్ కౌంటీ కౌన్సిలునకు ఎన్నికయ్యెను. ఆ సభలో అడుగిడిన ప్రథమ మహిళ ఆమెయే.

ఓటు వచ్చినది గాని తల్లుల బాధ తీరలేదు. ఎడతెగని కాన్పులతో పేదయిండ్ల స్త్రీలు చిక్కి శల్యమగుచుండిరి. న్యూయార్కులో నర్సుగా నట్టి దుఃఖమును కన్నులార చూచిన మార్గరెట్ శాంగర్, సంతాన నియంత్రణమును గూర్చి వ్రాసి, అమెరికా చట్టము వలన నేరారోపణకు గురియై ఇంగ్లండునకు వచ్చియుండెను. 1915లో ఎడిత్ ఆమెను కలిసికొనెను. ఆ పరిచయము ఎడిత్ జీవితపు రెండవ భాగమును నిర్ణయించినది. 1927లో జెనీవాలో జరిగిన ప్రపంచ జనాభా మహాసభ యేర్పాట్లలో ఎడిత్ పాటుపడెను. తరువాత లండనులో సంతాన నియంత్రణ విషయమున దేశదేశములకు సమాచారమందించు కేంద్రమునకు సంచాలకురాలయ్యెను.

1934 చివర ఆమె భారతదేశమునకు వచ్చి పెక్కు నగరములలో ఉపన్యసించెను. 1935లో గాంధీ మహాత్ముని దర్శించి చర్చించెను. ఇంద్రియనిగ్రహమే తగిన మార్గమని మహాత్ముడు భావించెను. భర్త నిగ్రహించుకొనని యింట భార్య కేది దిక్కని ఎడిత్ మథనపడెను. ఇరువురి గమ్యము స్త్రీక్షేమమే. మార్గములు మాత్రము కలియలేదు. మరుసటి పర్యటనమున శాంగర్ కూడ వచ్చెను. ఆ శీతకాలమున తిరువనంతపురములో సమావేశమైన అఖిల భారత మహిళాసభలో ఈ విషయముపై తీవ్ర వాదోపవాదములు జరిగినవి. తుదకు అనుకూల తీర్మానము నెగ్గినది. ఆ మహిళాసభకు అంకురార్పణ చేసినది మార్గరెట్ కజిన్స్. ఆమెయు ఓటు కొరకు లండను జైలును చూచినదే. మన మదనపల్లెలో నివసించినదే.

ఎడిత్‌కు సంతానము లేదు. 1926లోనే ఆమె పాత సఫ్రజెట్ల కొరకొక సంఘమును స్థాపించి, జెండాలు, లేఖలు, జైలు జ్ఞాపికలు సేకరించుటకు పూనుకొనెను. అవి తరువాత లండను మ్యూజియమునకు చేరినవి. 1939లో ఆస్ట్రేలియాకు తరలి, 1954 ఫిబ్రవరి 2న సిడ్నీ నగరమున కన్నుమూసెను. అంతకు రెండేండ్ల ముందు, 1952లో, భారత ప్రభుత్వము తన మొదటి పంచవర్ష ప్రణాళికలో కుటుంబ నియంత్రణ కార్యక్రమమును చేర్చినది.