రోనాల్డ్ రాస్

సర్ రోనాల్డ్ రాస్ (1857 మే 13 - 1932 సెప్టెంబరు 16) బ్రిటిష్ వైద్యుడు, శాస్త్రవేత్త. మలేరియా పరాన్నజీవి దోమ శరీరంలో పెరుగుతుందని ఇతడు 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులోని బేగంపేటలో కనుగొన్నాడు. ఈ పరిశోధనకు 1902లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఆ బహుమతి పొందిన మొదటి బ్రిటిష్ పౌరుడు, భారతదేశంలో జన్మించి నోబెల్ పొందినవారిలో మొదటివాడు ఇతడే. బ్రిటిష్ ప్రభుత్వం రాస్‌కు పెద్ద బిరుదులు ఇచ్చింది కాని, తన పరిశోధనకు ధనరూపంలో పారితోషికం ఇవ్వవలసిందిగా అతడు చేసిన విజ్ఞప్తిని అంగీకరించలేదు. రాస్ కవి, నవలాకారుడు, గణితజ్ఞుడు కూడా.

బాల్యం, విద్యాభ్యాసం

రోనాల్డ్ రాస్ 1857 మే 13న హిమాలయ పర్వత ప్రాంతంలోని అల్మోరాలో జన్మించాడు. సిపాయిల తిరుగుబాటు అప్పుడే మొదలైంది. తండ్రి కాంప్‌బెల్ క్లే గ్రాంట్ రాస్ బ్రిటిష్ ఇండియా సైన్యంలో అధికారి, తరువాత జనరల్ అయ్యాడు. తల్లి మటిల్డా షార్లెట్. వారి పదిమంది సంతానంలో రోనాల్డ్ పెద్దవాడు. ఎనిమిదవ ఏట అతనిని చదువు కోసం ఇంగ్లండుకు పంపారు. అక్కడ వైట్ దీవిలో బంధువుల ఇంట పెరిగాడు.

రాస్‌కు చిన్ననాటి నుండి కవిత్వం, సంగీతం, గణితం అంటే మక్కువ. రచయిత కావాలని కోరుకొన్నాడు. తండ్రి మాత్రం కుమారుడు వైద్యుడై భారతదేశంలో ఉద్యోగం చేయాలని నిర్ణయించి, 1874లో లండన్‌లోని సెయింట్ బార్తలోమ్యూ వైద్య కళాశాలలో చేర్పించాడు. రాస్ చదువుపై అంత శ్రద్ధ చూపలేదు. 1879లో శస్త్రవైద్యుల పరీక్షలో ఉత్తీర్ణుడై కొంతకాలం ఓడలో వైద్యునిగా పనిచేశాడు. 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో ప్రవేశించి భారతదేశానికి వచ్చాడు.

తొలి ఉద్యోగ జీవితం

మద్రాసు, బెంగుళూరు, బర్మా, అండమాన్ దీవులలో రాస్ పనిచేశాడు. 1883లో బెంగుళూరులో ఉండగా, నీరు నిలువ ఉండే తొట్లను తొలగిస్తే దోమలు తగ్గుతాయని గమనించాడు. అయితే అప్పటికి అతని దృష్టిలో దోమ ఒక బాధ మాత్రమే, వ్యాధి వాహకం కాదు.

1888లో సెలవుపై ఇంగ్లండుకు వెళ్ళి ప్రజారోగ్యంలో డిప్లొమా పొందాడు. బాక్టీరియా శాస్త్రంలోనూ శిక్షణ తీసుకొన్నాడు. 1889లో రోసా బెస్సీ బ్లాక్సమ్‌ను వివాహమాడాడు. వీరికి ఇద్దరు కుమార్తెలు, ఇద్దరు కుమారులు.

మలేరియా సమస్య

ఆ రోజులలో మలేరియా చిత్తడి నేలల నుండి వచ్చే చెడుగాలి వలన కలుగుతుందని నమ్మేవారు. ఇటాలియన్ భాషలో మలేరియా అనే మాటకు అర్థం చెడుగాలి అనే. తెలుగునాట చలిజ్వరమని, మన్యపు జ్వరమని పిలిచే ఈ వ్యాధికి కొండప్రాంతపు నీరు, గాలి కారణమని జనం భావించేవారు.

1880లో ఫ్రెంచి సైనిక వైద్యుడు అల్ఫాన్స్ లావెరాన్ అల్జీరియాలో రోగుల రక్తంలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. ఆ జీవి ఒకరి నుండి మరొకరికి ఎలా చేరుతుందో మాత్రం తెలియలేదు. బోదకాలుకు కారణమైన ఫైలేరియా క్రిమి దోమలో పెరుగుతుందని అంతకు ముందే చైనాలో కనుగొన్న పాట్రిక్ మాన్సన్, మలేరియా విషయంలోనూ దోమకు పాత్ర ఉండవచ్చునని ఊహించాడు. 1894లో సెలవుపై లండన్ వెళ్ళిన రాస్‌కు మాన్సన్ ఈ పరాన్నజీవిని సూక్ష్మదర్శినిలో చూపి, దోమలపై పరిశోధన చేయమని ప్రోత్సహించాడు. తరువాతి సంవత్సరాలలో వారిద్దరి మధ్య విస్తారంగా ఉత్తరప్రత్యుత్తరాలు సాగాయి.

బేగంపేటలో పరిశోధన

రాస్ 1895 ఏప్రిల్‌లో సికింద్రాబాదు చేరుకొన్నాడు. అక్కడ 19వ మద్రాసు పదాతిదళానికి వైద్యాధికారిగా నియమితుడయ్యాడు. బేగంపేటలోని సైనిక వైద్యశాలలో తన పరిశోధన సాగించాడు. దోమ రోగి రక్తం తాగి నీటిలో చనిపోతే, ఆ నీరు తాగినవారికి వ్యాధి సోకుతుందని మాన్సన్ అభిప్రాయం. దీనిని పరీక్షించడానికి రాస్ అంగీకరించినవారిచే అటువంటి నీరు తాగించి చూశాడు. ఫలితం స్పష్టంగా తేలలేదు. ఆ ఏడాదే కలరా నివారణ పనిపై అతనిని బెంగుళూరుకు బదిలీ చేశారు. 1897లో ఊటీ సమీపంలోని సిగూరు ఘాట్ ప్రాంతానికి వెళ్ళినపుడు రాస్‌కే మలేరియా సోకింది.

1897 జూన్‌లో మళ్ళీ సికింద్రాబాదు వచ్చాడు. అప్పటివరకు అతడు పరీక్షించినవి చాలావరకు మలేరియాను మోయని జాతుల దోమలు. అందువలన వందల దోమలను కోసి చూసినా ఏమీ కనబడలేదు. వేసవి ఉక్కలో పనిచేయవలసి వచ్చింది. విసనకర్ర గాలికి కోసిన దోమల భాగాలు ఎగిరిపోతాయని పంకా కూడా వాడలేదు. చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టాయి.

ఆగస్టు నెలలో సహాయకులు తెచ్చిన లార్వాల నుండి కొత్తరకం దోమలు పుట్టాయి. వాటి రెక్కలపై మచ్చలు ఉన్నాయి. ఇవి అనాఫిలిస్ జాతివని తరువాత తెలిసింది. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి ఈ దోమలచేత కుట్టించుకోవడానికి ఒప్పుకొన్నాడు. కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక అణా చొప్పున అతనికి ఎనిమిది అణాలు ముట్టాయి. రాస్ ఆ దోమలను ఒక్కొక్కటిగా కోసి చూశాడు. ఆగస్టు 20న ఒక దోమ జఠర కుడ్యంలో గుండ్రని కణాలు కనిపించాయి. వాటిలో మలేరియా పరాన్నజీవికి ప్రత్యేకమైన నల్లని రంగు రేణువులు ఉన్నాయి. మరునాడు కోసిన దోమలో అవే కణాలు ఇంకా పెద్దవిగా ఉన్నాయి. అంటే పరాన్నజీవి దోమలో బ్రతికి పెరుగుతున్నదని స్పష్టమైంది. ఈ ఫలితం 1897 డిసెంబరు 18న బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురితమైంది.

కలకత్తాలో పరిశోధన

పరిశోధన కీలక దశలో ఉండగా రాస్‌ను రాజపుతానాలోని ఖేర్వారాకు బదిలీ చేశారు. అక్కడ మలేరియా రోగులు దాదాపు లేరు. మాన్సన్ జోక్యంతో 1898 ఫిబ్రవరిలో కలకత్తాలో ప్రత్యేక పరిశోధనకు అవకాశం లభించింది. మానవ రోగులు సులభంగా దొరకకపోవడంతో రాస్ పక్షుల మలేరియాను ఎంచుకొన్నాడు. 1898 జూలైలో పరాన్నజీవి దోమ లాలాజల గ్రంథులలోకి చేరుతుందని, దోమకాటు ద్వారా ఆరోగ్యవంతమైన పక్షులకు వ్యాధి సోకుతుందని నిరూపించాడు. అదే నెలలో మాన్సన్ ఈ ఫలితాలను ఎడింబరోలో బ్రిటిష్ వైద్యసంఘ సమావేశానికి నివేదించాడు.

ఈ పనిలో మహమ్మద్ బక్స్, కిశోరీ మోహన్ బంద్యోపాధ్యాయ అనే భారతీయులు రాస్‌కు సహాయపడ్డారు. కిశోరీ మోహన్‌కు 1903లో ఎడ్వర్డ్ రాజు పేరిట స్వర్ణపతకం లభించింది.

లివర్‌పూల్, తరువాతి కృషి

1899లో రాస్ ఇండియన్ మెడికల్ సర్వీసు నుండి విరమించి, కొత్తగా ఏర్పడిన లివర్‌పూల్ ఉష్ణమండల వైద్య పాఠశాలలో అధ్యాపకుడుగా చేరాడు. జీతం సంవత్సరానికి 250 పౌండ్లు. ఆ ఏడాదే సియెర్రా లియోన్‌లో మలేరియా దోమలపై పరిశీలనలు చేశాడు. సూయజ్ కాలువ ఒడ్డున ఉన్న ఇస్మాయిలియాలోను, మారిషస్‌లోను దోమల నిర్మూలనకు సలహాలిచ్చాడు. దోమల నివారణ వలననే అమెరికన్ వైద్యుడు విలియం గోర్గాస్ పనామా కాలువ ప్రాంతంలో జ్వరాలను అదుపు చేయగలిగాడు. రాస్ 1904లో పనామాను సందర్శించాడు.

1910లో వెలువడిన మలేరియా నివారణ గ్రంథంలో వ్యాధి వ్యాప్తిని గణిత సమీకరణాలతో వివరించాడు. మలేరియాను తొలగించడానికి ప్రతి దోమనూ చంపనవసరం లేదు, వాటి సంఖ్యను ఒక హద్దుకు దిగువకు తెస్తే చాలు అని ఆ సమీకరణాలు చూపాయి. అంటువ్యాధుల గణిత నమూనాలకు ఈ కృషి పునాదులలో ఒకటిగా నిలిచింది.

నోబెల్ బహుమతి, వివాదం

1898లోనే ఇటలీలో జొవానీ బటిస్టా గ్రాసీ, అతని సహచరులు మానవ మలేరియా అనాఫిలిస్ దోమల ద్వారా వ్యాపిస్తుందని నిరూపించారు. ఆవిష్కరణలో ప్రాధాన్యం ఎవరిదన్న విషయమై రాస్‌కు, గ్రాసీకి మధ్య తీవ్రమైన వివాదం సాగింది. బహుమతిని ఇద్దరికీ పంచాలన్న ఆలోచన నోబెల్ సంఘంలో వచ్చింది. జర్మన్ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ కాక్ రాస్ పక్షం వహించాడు. చివరకు 1902 బహుమతి రాస్ ఒక్కనికే లభించింది. లావెరాన్‌కు 1907లో నోబెల్ వచ్చింది. గ్రాసీకి ఎన్నడూ రాలేదు.

బిరుదులు, పారితోషికం

రాస్ 1901లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. ప్రధానమంత్రి లార్డ్ సాలిస్‌బరీ పదవి వదిలిన 1902వ సంవత్సరంలోనే రాస్‌కు ఆర్డర్ ఆఫ్ ది బాత్‌లో సి.బి. హోదా లభించింది. 1909లో రాయల్ పతకం వచ్చింది. ఆస్క్విత్ ప్రధానిగా ఉన్న 1911లో కె.సి.బి. హోదా ఇచ్చి సర్ బిరుదుతో గౌరవించారు. లాయిడ్ జార్జి ప్రధానిగా ఉన్న 1918లో కె.సి.ఎం.జి. కూడా ప్రదానం చేశారు.

బ్రిటన్‌లో ఇటువంటి బిరుదులు రాజు పేరిట వెలువడినా, వాటిలో ఎక్కువ భాగం ప్రధానమంత్రి సిఫారసుపై ఆధారపడి ఉంటాయి. నూతన సంవత్సరం, రాజు జన్మదినం, పట్టాభిషేకం వంటి సందర్భాలలో జాబితాలు ప్రకటిస్తారు. పదవి నుండి దిగిపోయే ప్రధానమంత్రి తనకు తోడ్పడినవారికి బిరుదులు ఇమ్మని ప్రత్యేకంగా ఒక జాబితా సమర్పించే ఆచారం కూడా ఉంది. రాస్ పొందినవి ఆ కోవకు చెందినవి కావు. అవి శాస్త్రసేవకు వచ్చినవి. అయితే ఈ బిరుదులతో పాటు జీతం గాని, భూమి గాని, పింఛను గాని రాదు.

రాస్ ఈ లోపాన్ని బహిరంగంగానే ప్రశ్నించాడు. మశూచి టీకాను కనుగొన్న ఎడ్వర్డ్ జెన్నర్‌కు పార్లమెంటు 1802లో 10,000 పౌండ్లు, 1807లో 20,000 పౌండ్లు మంజూరు చేసింది. అదే పద్ధతిలో తనకూ పారితోషికం ఇవ్వాలని రాస్ ప్రభుత్వానికి విజ్ఞాపన పెట్టుకొన్నాడు. రోగిని చూసిన వైద్యుడు రుసుము తీసుకొంటాడు, లక్షలాది ప్రాణాలు కాపాడే పరిశోధన చేసినవానికి మాత్రం ఏ ఆదాయమూ ఉండదన్నది అతని వాదం. ప్రభుత్వం ఆ విజ్ఞాపనను తిరస్కరించింది. నోబెల్ గ్రహీత ధనం కోసం చేయి చాపడం తగదని విమర్శించినవారూ ఉన్నారు. తన కోసం మాత్రమే కాక, శాస్త్రజ్ఞులందరికీ వర్తించే సూత్రంగా ఈ కోరికను రాస్ సమర్థించుకొన్నాడు.

ఇదే కాలంలో బిరుదుల వ్యవస్థ పెద్ద అపఖ్యాతి పాలైంది. లాయిడ్ జార్జి హయాంలో పార్టీ నిధికి సొమ్ము ఇచ్చినవారికి బిరుదులు అమ్ముతున్నారని ఆరోపణలు వచ్చాయి. నైట్ హోదాకు సుమారు 10,000 పౌండ్ల ధర పలికేదని చెప్పుకొనేవారు. 1922లో దీనిపై పార్లమెంటులో గొడవ చెలరేగింది. ఆ అక్టోబరులో లాయిడ్ జార్జి పదవి వదిలాడు. 1925లో బిరుదుల అమ్మకాన్ని నేరంగా పరిగణించే చట్టం వచ్చింది. కొందరు డబ్బిచ్చి సర్ అనిపించుకొన్న ఆ రోజులలో, అర్హతతో ఆ బిరుదు పొందిన రాస్ ఆర్థికంగా ఇబ్బంది పడ్డాడు.

1928లో రాస్ తన పరిశోధన పత్రాలను అమ్మకానికి పెట్టాడు. భార్యకు జీవనాధారం కల్పించడం అతని ఉద్దేశం. లేడీ హ్యూస్టన్ అనే ధనికురాలు వాటిని 2,000 పౌండ్లకు కొన్నది. ఆ పత్రాలలో కొంత భాగం లండన్ ఉష్ణమండల వైద్య పాఠశాలలోను, కొంత భాగం గ్లాస్గో వైద్య సంస్థలోను భద్రపరచబడ్డాయి.

చివరి దశ

మొదటి ప్రపంచయుద్ధ ఆరంభంలో, 1914 ఆగస్టులో, రాస్ పెద్ద కుమారుడు ఫ్రాన్సులో లె కాటో యుద్ధంలో మరణించాడు. రాస్ యుద్ధకాలంలో సైన్యానికి మలేరియా సలహాదారుగా పనిచేశాడు. 1923లో ప్రచురించిన అతని ఆత్మకథకు జేమ్స్ టెయిట్ బ్లాక్ బహుమతి లభించింది. 1926లో అతని పేరిట లండన్‌లోని పట్నీలో రాస్ ఇన్‌స్టిట్యూట్ ప్రారంభమైంది. మరణించేవరకు దానికి అధిపతిగా ఉన్నాడు. 1927లో కలకత్తా వచ్చి, తాను పనిచేసిన వైద్యశాల వద్ద స్మారక ద్వారం ఆవిష్కరణలో పాల్గొన్నాడు. 1931లో భార్య మరణించింది. దీర్ఘకాల అనారోగ్యం తరువాత 1932 సెప్టెంబరు 16న రాస్ లండన్‌లో మరణించాడు. పట్నీ వేల్ శ్మశానంలో భార్య సమాధి పక్కనే అతనిని ఖననం చేశారు.

స్మారకాలు

రాస్ పరిశోధన చేసిన బేగంపేట భవనం పాత విమానాశ్రయానికి సమీపంలో ఉంది. ఇది ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన సర్ రోనాల్డ్ రాస్ పరాన్నజీవ శాస్త్ర సంస్థగా పేరొందింది. అక్కడికి వెళ్ళే మార్గానికి కూడా రాస్ పేరు పెట్టారు. హైదరాబాదు నల్లకుంటలో కోరంటి దవాఖానా అని, ఫీవర్ ఆసుపత్రి అని జనం పిలిచే ప్రభుత్వ వైద్యశాల అధికారిక నామంలోనూ అతని పేరే ఉంది. ఆగస్టు 20ని ఏటా ప్రపంచ దోమల దినంగా పాటిస్తున్నారు.

రాస్ కనుగొన్న విషయం ఆధారంగా దోమతెరలు, మురుగునీటి తొలగింపు, క్రిమిసంహారక మందుల వాడకం వ్యాప్తిలోకి వచ్చాయి. అయినా వ్యాధి అంతరించలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2023లో మలేరియా వలన సుమారు 5,97,000 మంది మరణించారు. వీరిలో అత్యధికులు ఆఫ్రికా ఖండంలోని చిన్నపిల్లలు.