‘ఎందుకు?’ అని అడిగే వయసు

నిన్నటిదాకా చెప్పిన మాట విన్న పిల్లవాడు ఆరేళ్లు దాటగానే ప్రశ్నలు మొదలుపెడతాడు. నోవహు ఓడలో అన్ని జంతువులు ఎలా పట్టాయని సండేస్కూల్ టీచర్‌ను అడుగుతాడు. చెల్లికి పెద్ద ముక్క ఎందుకిచ్చావని అమ్మను నిలదీస్తాడు. పిల్లవాడు మొండికేస్తున్నాడని మనం కంగారుపడతాం. కాదు, ఎదుగుతున్నాడని లోకానికి చెప్పిన స్త్రీ మరియా మాంటిస్సోరి.

ఆమె 1870 ఆగస్టు 31న ఇటలీలోని కియరవల్లెలో ఒక రోమన్ కాథలిక్ కుటుంబంలో పుట్టింది. స్త్రీలు వైద్యం చదవడమే వింతగా చూసే రోజుల్లో, 1896లో రోమ్‌లో డాక్టర్ పట్టా పొందింది. 1907 జనవరి 6న రోమ్‌లోని శాన్ లొరెంజో పేదవాడలో, కూలీల పిల్లల కోసం ఒక బాలల గృహాన్ని తెరిచింది. గరుకు కాగితంతో చేసిన అక్షరాలను వేలితో తడుముతూ నాలుగైదేళ్ల పిల్లలు అక్కడ రాయడం నేర్చుకున్నారు. పేరు దేశదేశాలకూ పాకింది.

కానీ ఆమె గుండెలో ఒక గాయం ఉంది. 1898లో ఆమెకు వివాహం కాకుండానే మారియో అనే కొడుకు పుట్టాడు. లోకానికి వెరచి, బిడ్డను పల్లెలో వేరే కుటుంబానికి పెంపకానికిచ్చారు. ఊరి పిల్లలందరికీ అమ్మ అయిన ఆమె, సొంత కొడుకు బాల్యాన్ని అప్పుడప్పుడు వెళ్లి చూసి రావడమే తప్ప దగ్గరుండి చూడలేకపోయింది. కౌమారంలో అడుగుపెట్టాకే అతను తల్లి చెంతకు చేరాడు. ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు మేనల్లుడిగానే లోకానికి తెలిశాడు.

1939లో దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానంపై తల్లీకొడుకులిద్దరూ మద్రాసు అడయారుకు వచ్చారు. మరుసటి ఏడాది ఇటలీ యుద్ధంలోకి దిగడంతో, శత్రుదేశస్థుడని మారియోను బ్రిటిష్ ప్రభుత్వం నిర్బంధించింది. ఆమె 70వ పుట్టినరోజుకు అతణ్ణి విడుదల చేసింది. ఆ తర్వాత ఇద్దరూ కొడైకెనాల్ కొండల్లో పిల్లల మధ్య పనిచేశారు. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లల చదువు గురించి ఆమె అంతకుముందే రాసినా, అది నిండైన రూపు దిద్దుకున్నది అక్కడే. కొడుకు జీవితంలో తను దగ్గర లేని ఆ ఏళ్ల చదువును, ఆ కొడుకుతోనే కలిసి తీర్చిదిద్దింది.

ఆమె గమనించింది ఇదీ. ఆరేళ్లలోపు పిల్లలు చుట్టూ ఉన్నదాన్ని స్పాంజిలా పీల్చుకుంటారు. ముట్టుకుని, మోసి, సర్ది నేర్చుకుంటారు. పాలపళ్లు ఊడే వేళకు మనసూ మారుతుంది. ఎలా, ఎందుకు అని అడుగుతారు. జట్టు కడతారు. ఏది న్యాయం, ఏది అన్యాయమని తగవులాడతారు. కంటికి కనబడనిదాన్ని ఊహించగలుగుతారు. కాబట్టి పాత బడినే పెద్దది చేస్తే చాలదు. అలాగని పాతది వృథా కాదు. నాలుగేళ్లప్పుడు వెయ్యి పూసల ఘనాన్ని చేతుల్లో మోసిన పిల్లవాడికి, తర్వాత కాగితంపై వెయ్యి అంకె బరువు తెలుస్తుంది.

ఈ వయసువారికి ముందు విడి పాఠాలు కాదు, మొత్తం విశ్వాన్నే చూపాలన్నది ఆమె పద్ధతి. విశ్వం, జీవం, మనిషి, రాత, అంకెలు ఎలా వచ్చాయో చెప్పే అయిదు పెద్ద కథలతో చదువు మొదలవుతుంది. మొదటి కథ పేరు చేతులు లేని దేవుడు. నీరూ నిప్పూ రాయీ ఆయన నియమానికి ఎలా లోబడతాయో ఆ కథ చెబుతుంది. పిల్లవాడి ప్రశ్న అక్కడ ఆగదు, అక్కడినుంచే బయలుదేరుతుంది. జవాబు వెదుక్కుంటూ పిల్లలు జట్టుగా బడి దాటి తోటలకు, మ్యూజియంలకు వెళతారు.

1952 మే 6న నెదర్లాండ్స్‌లోని నోర్డ్‌వైక్‌లో ఆమె కన్నుమూసింది. ఆ పనిని మారియో 1982లో చనిపోయేవరకు కొనసాగించాడు.

మన ఇళ్లలో, సండేస్కూళ్లలో ప్రశ్న అడిగిన పిల్లవాణ్ణి నోర్మూయమంటే నోరు మూస్తాడు. కానీ ప్రశ్న చావదు, మనల్ని అడగడం మానేస్తాడంతే. పన్నెండేళ్ల యేసు దేవాలయంలో బోధకుల మధ్య కూర్చుని ప్రశ్నలడిగాడని సువార్త చెబుతోంది. ఆ బోధకులు ఆయన్ని కసరలేదు. ఈ ఆదివారం మన పిల్లవాడు ఎందుకని అడిగితే, మనమూ కాసేపు పక్కన కూర్చుందాం. తెలియకపోతే తెలియదని చెప్పి, వాడితో కలిసి వెదుకుదాం. ఆ వయసు మళ్లీ రాదు.