అవసరమైతేనే షాక్: ఒంట్లో ఇమిడే డీఫిబ్రిలేటర్‌కు ప్రాణం పోసిన మిరోవ్‌స్కీ

1966లో ఇజ్రాయెల్‌లో హ్యారీ హెలర్ అనే సీనియర్ వైద్యుడు గుండె లయ తప్పి మరణించారు. లయ తప్పిన గుండెను విద్యుత్ షాక్‌తో దారిలో పెట్టవచ్చని అప్పటికే తెలుసు. కానీ ఆ యంత్రం ఆస్పత్రిలో ఉండేది. ఎప్పుడో రాబోయే ఆపద కోసం రోగి జీవితాంతం అక్కడే ఉండలేడు. గురువు మరణం మిషెల్ మిరోవ్‌స్కీని వెంటాడింది. యంత్రాన్నే రోగి ఒంట్లో అమర్చాలన్నది ఆయన ఆలోచన.

మిరోవ్‌స్కీ 1924లో వార్సాలో ఒక యూదు కుటుంబంలో పుట్టారు. నాజీలు పోలండ్‌ను ఆక్రమించాక, 15 ఏళ్ల వయసులో ఇల్లు విడిచి సోవియట్ యూనియన్‌కు పారిపోయారు. కుటుంబంలో బతికి బయటపడింది ఆయనొక్కరే. ఫ్రాన్స్‌లోని లియాన్‌లో వైద్యం చదివి ఇజ్రాయెల్‌లో స్థిరపడ్డారు. 1968లో అమెరికాలోని బాల్టిమోర్‌కు, సైనాయ్ ఆస్పత్రికి మారారు. అక్కడ మోర్టన్ మోవర్ తోడయ్యారు.

వారి ముందున్న చిక్కు శక్తి పరిమాణం కాదు, వేగం. 30 జౌల్స్ అంటే మూడు కిలోల బరువును మీటరు ఎత్తుకు లేపేంత శక్తి మాత్రమే. దాన్ని కొన్ని మిల్లీ సెకన్లలో గుండెకు అందించాలి. చిన్న బ్యాటరీ నేరుగా ఆ పని చేయలేదు. అందుకే బ్యాటరీ వోల్టేజీని వందల వోల్టులకు పెంచి, కెపాసిటర్‌లో నింపి, ఒక్కసారిగా వదలాలి. ఛాతీ పైనుంచి ఇచ్చే షాక్‌కు 360 జౌల్స్ వరకూ పడుతుంది. ఎలక్ట్రోడ్లు గుండెకు చేరువగా ఉంటే అందులో పదో వంతు చాలు. పరికరం చిన్నదయ్యే వీలు అక్కడే దొరికింది.

భద్రత కీలకం కూడా కెపాసిటర్‌లోనే ఉంది. మామూలు వేళల్లో అది ఖాళీగా ఉంటుంది. పరికరం ప్రమాదకర లయను పసిగట్టాకే నిండుతుంది. నేటి పరికరాలు షాక్‌కు ముందు లయను మరోసారి చూస్తాయి. గుండె తనంతట తాను కుదుటపడితే ఆ శక్తిని గుండెకు పంపకుండా లోపలే వేడిగా మార్చేస్తాయి.

1972లో గట్టి వ్యతిరేకత ఎదురైంది. కెపాసిటర్‌తో పనిచేసే డీసీ డీఫిబ్రిలేటర్‌ను వైద్యంలోకి తెచ్చిన బెర్నార్డ్ లౌన్ స్వయంగా ఈ ఆలోచన అక్కరకు రాదని రాశారు. పరికరం అమర్చిన కుక్క కుప్పకూలి, షాక్ తగలగానే లేచి తోక ఊపే దృశ్యాన్ని మిరోవ్‌స్కీ బృందం సినిమా తీసి చూపించింది. కుక్కకు పడిపోవడం నేర్పారని కొందరు అనుమానించారు. దాంతో ఈసీజీని కూడా పక్కనే చూపిస్తూ మళ్లీ చిత్రీకరించారు.

చివరికి 1980 ఫిబ్రవరి 4న జాన్స్ హాప్‌కిన్స్ ఆస్పత్రిలో సర్జన్ లెవీ వాట్కిన్స్ తొలి పరికరాన్ని ఒక మహిళకు అమర్చారు. 1985లో అమెరికా ప్రభుత్వ ఆమోదం లభించింది. 1990లో 65 ఏళ్ల వయసులో క్యాన్సర్‌తో మిరోవ్‌స్కీ కన్నుమూశారు.

విమర్శకుల భయాలన్నీ ఉత్తివి కావు. లయను తప్పుగా చదివి, మెలకువలో ఉన్న మనిషికి అనవసరంగా షాక్ ఇచ్చే సమస్య ఇప్పటికీ పూర్తిగా పోలేదు. అయినా హెలర్‌ లాంటి రోగులు ఇంటికి వెళ్లి బతకగలుగుతున్నారు. శిష్యుడు కోరుకున్నది అదే.