ఆకాశానికి అనుమతి కోరిన వైమానికుడు జె.ఆర్.డి. టాటా

పుదుచ్చేరి నుంచి కడలూరుకు వెళ్లే దారిలో కిరుమాంబాక్కం అనే ఊరు ఉంది. 1954 నవంబరు 1వ తేదీ వరకు ఆ ఊరి నేల మాత్రమే కాదు, ఊరిపైనున్న ఆకాశం కూడా ఫ్రెంచి ప్రభుత్వానిదే. గోదావరి తీరాన ఉన్న యానాం తెలుగువారి పరిస్థితీ ఆ ఏడాది జూన్ వరకు అదే. ఆ రోజుల్లో ఏ విమానమైనా ఈ ఊళ్ల మీదుగా ఎగిరితే, కొన్ని క్షణాలు పరాయి ప్రభుత్వపు గగనతలంలో ఉండి తిరిగి భారత గగనతలంలోకి వచ్చినట్లే. నేల మీద సరిహద్దు రాళ్లుంటాయి. ఆకాశంలో ఏ గుర్తూ కనిపించదు. అయినా ఆకాశానికి యజమాని ఉంటాడు, అతని అనుమతి లేకుండా వాణిజ్య విమానం ఎగరరాదు.

ఈ నియమంతో అర్ధ శతాబ్దానికి పైగా వ్యవహరించిన భారతీయుడు జహంగీర్ రతన్‌జీ దాదాభాయ్ టాటా. భారతదేశపు తొలి పైలట్ లైసెన్సు, టాటా సంస్థల అధినేతృత్వం, భారతరత్న పురస్కారం ఆయన పేరుతో పాటు అందరికీ గుర్తుకు వచ్చేవి. ఒక భారతీయ విమానం ప్రయాణికులతో విదేశానికి వెళ్లే హక్కును సంపాదించడానికి ఆయన చేసిన కృషి అంతగా ప్రచారంలో లేదు.

బాల్యం, తొలి లైసెన్సు

జె.ఆర్.డి. 1904 జూలై 29న పారిస్‌లో జన్మించారు. తండ్రి రతన్‌జీ దాదాభాయ్ టాటా పార్సీ వర్తకుడు, తల్లి సుజానె బ్రియేర్ ఫ్రెంచి వనిత. ఫ్రాన్సు సముద్ర తీరంలో వారి వేసవి విడిదికి దగ్గరలోనే, ఇంగ్లీష్ ఛానల్‌ను విమానంపై దాటిన తొలి వ్యక్తి లూయీ బ్లెరియోకు కూడా ఇల్లు ఉండేది. ఆ ఇసుక తీరంలో దిగే విమానాలను చూస్తూ పెరిగిన బాలుడికి గగనయానంపై మక్కువ కలిగింది. పదిహేనేళ్ల వయసులో మొదటిసారి విమానం ఎక్కారు. పుట్టుకతో ఫ్రెంచి పౌరుడు కావడం వల్ల ఆ దేశ సైన్యంలో ఒక ఏడాది పనిచేశారు. 1929లో ఫ్రెంచి పౌరసత్వాన్ని వదులుకున్నారు. అదే ఏడాది ఫిబ్రవరి 10న భారతదేశంలో జారీ అయిన మొదటి పైలట్ లైసెన్సు ఆయనకు లభించింది.

కరాచీ నుంచి మద్రాసుకు

1929లో బ్రిటన్‌కు చెందిన ఇంపీరియల్ ఎయిర్‌వేస్ తన విమానాలను లండన్ నుంచి కరాచీ వరకు నడపడం ప్రారంభించింది. కరాచీకి చేరిన ఉత్తరాలు దక్షిణాదికి రావాలంటే రైలే ఆధారం. బ్రిటిష్ వైమానిక దళంలో పనిచేసిన నెవిల్ విన్సెంట్, జె.ఆర్.డి. కలిసి కరాచీ, బొంబాయి, మద్రాసుల మధ్య తపాలా విమానం నడుపుతామని ప్రభుత్వానికి ప్రతిపాదించారు. సొమ్ము ఇవ్వడానికి ప్రభుత్వం సుముఖత చూపలేదు. ఏళ్ల తరబడి సంప్రదింపులు సాగిన మీదట, ప్రభుత్వ ఆర్థిక సహాయం ఏదీ లేకుండా, మోసిన తపాలాకు మాత్రమే చెల్లింపు అనే షరతుపై 1932 ఏప్రిల్‌లో ఒప్పందం కుదిరింది.

1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. స్వయంగా పుస్ మాత్ విమానాన్ని నడిపి, కరాచీలో బయలుదేరి అహ్మదాబాదు మీదుగా బొంబాయికి చేరారు. అక్కడి నుంచి విన్సెంట్ తపాలాను బళ్లారి మీదుగా మద్రాసుకు తెచ్చారు. కొన్నేళ్లకే హైదరాబాదు కూడా ఆ దారిలో చేరింది. తెలుగునాటికి విమాన తపాలా అందడం ఆ విధంగా మొదలైంది.

అయితే ఆ రోజుల్లో భారతీయ సంస్థకు దక్కినది దేశం లోపలి దారి మాత్రమే. 1933లో కరాచీ నుంచి కలకత్తా, రంగూన్ మీదుగా సింగపూర్ దిశగా సాగే అంతర్జాతీయ మార్గం కోసం ఒక ప్రత్యేక సంస్థను ఏర్పాటు చేసినప్పుడు, అందులో 51 శాతం వాటా ఇంపీరియల్ ఎయిర్‌వేస్‌కే వెళ్లింది. భారతదేశపు ఆకాశాన్ని విదేశాలతో ఇచ్చిపుచ్చుకునే అధికారం బ్రిటిష్ పాలకుల చేతిలో ఉన్నంత కాలం, భారతీయ సంస్థ ఎంత సమర్థంగా పనిచేసినా సరిహద్దు దగ్గర ఆగిపోవలసిందే.

షికాగో ఒడంబడిక

రెండవ ప్రపంచ యుద్ధం ముగింపు దశలో, 1944 డిసెంబరు 7న, షికాగో నగరంలో 52 దేశాలు పౌర విమానయాన ఒడంబడికపై సంతకాలు చేశాయి. వాటిలో భారతదేశం ఒకటి. ప్రతి దేశానికీ తన గగనతలంపై సంపూర్ణ సార్వభౌమాధికారం ఉంటుందని మొదటి అధికరణం ప్రకటించింది. ప్రత్యేక అనుమతి లేకుండా ఏ అంతర్జాతీయ విమాన సర్వీసూ మరో దేశపు గగనతలంలో నడవరాదని ఆరవ అధికరణం నిర్దేశించింది. నేటికీ ప్రపంచమంతటా అమలులో ఉన్న విధానానికి మూలం ఇదే.

దీని ప్రకారం విమానయాన సంస్థ నేరుగా విదేశానికి వెళ్లి అనుమతి తెచ్చుకోవడం సాధ్యం కాదు. మొదట రెండు ప్రభుత్వాల మధ్య ద్వైపాక్షిక ఒప్పందం ఉండాలి. ఏయే నగరాల మధ్య విమానాలు నడవాలి, వారానికి ఎన్ని సర్వీసులు లేదా ఎన్ని సీట్లు, మధ్యలో ఏ దేశంలో ప్రయాణికులను ఎక్కించుకోవచ్చు అనే అంశాలు అందులో ఉంటాయి. ఆ హక్కులను వినియోగించుకునే సంస్థను స్వదేశ ప్రభుత్వం ఎంపిక చేసి, అవతలి ప్రభుత్వానికి తెలియజేయాలి. ఆ సంస్థ యాజమాన్యం, నియంత్రణ నిజంగా ఆ దేశీయుల చేతుల్లో ఉన్నాయా, భద్రతా ప్రమాణాలు సరిగా ఉన్నాయా అని చూసిన తరువాత అవతలి ప్రభుత్వం నిర్వహణ అనుమతి ఇస్తుంది. ఆ పిమ్మట వేళల పట్టిక, విమానాశ్రయంలో దిగే సమయాలు ఖరారు కావాలి. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా విమానం కదలదు.

మలబార్ ప్రిన్సెస్

ఈ విధానాన్ని జె.ఆర్.డి. క్షుణ్ణంగా గ్రహించారు. టాటా ఎయిర్‌లైన్స్ 1946 జూలై 29న ఎయిర్ ఇండియా పేరుతో పబ్లిక్ కంపెనీగా మారింది. మరుసటి ఏడాది దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. బొంబాయి నుంచి లండన్‌కు విమానం నడపాలంటే ఈజిప్టు, స్విట్జర్లాండ్, బ్రిటన్ ప్రభుత్వాల అంగీకారం అవసరం. ఆ దేశాలతో మాట్లాడవలసినది భారత ప్రభుత్వం. కనుక ప్రభుత్వాన్నే భాగస్వామిగా చేసుకోవాలని ఆయన నిర్ణయించారు. 49 శాతం వాటా ప్రభుత్వానికి, 25 శాతం టాటాలకు, మిగిలినది ప్రజలకు అని 1947 చివరలో ప్రతిపాదన పెట్టారు. అవసరమనుకుంటే ప్రభుత్వం మరో రెండు శాతం తీసుకుని ఆధిక్యం పొందే వీలు కూడా అందులో ఉంది. విభజన కల్లోలంలో తలమునకలై ఉన్న ప్రభుత్వం అయినప్పటికీ త్వరగానే ఆమోదించింది.

1948 మార్చి 8న ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్ ఏర్పడింది. సరిగ్గా మూడు నెలలకు, జూన్ 8న, మలబార్ ప్రిన్సెస్ అనే కాన్‌స్టలేషన్ విమానం 35 మంది ప్రయాణికులతో బొంబాయి నుంచి కైరో, జెనీవాల మీదుగా లండన్‌కు బయలుదేరింది. వారిలో జె.ఆర్.డి. కూడా ఉన్నారు. లండన్‌లో దిగినప్పుడు విమానం మీదనున్న భారత చిహ్నాలు అక్కడి భారతీయులకు గర్వకారణమయ్యాయి. అదే విమానం 1950 నవంబరు 3న ఆల్ప్స్ పర్వతాల్లో మాంట్ బ్లాంక్‌ను ఢీకొని 48 మంది మరణించడం ఆ సంస్థ తొలినాళ్లలో ఎదుర్కొన్న మహా విషాదం.

హైదరాబాదు పాఠం

గగనతలంపై హక్కు ఎంత సున్నితమైనదో అదే 1948లో తెలుగువారు దగ్గరగా చూశారు. నిజాం ప్రభుత్వం ప్రధాన వాటాదారుగా, టాటాలు భాగస్వాములుగా 1945లో ఏర్పడిన దక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట కేంద్రంగా పనిచేసేది. హైదరాబాదు సంస్థానం భారత యూనియన్‌లో చేరకుండా వేరుగా నిలిచిన ఆ నెలల్లో, సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడు కరాచీ నుంచి భారత భూభాగం మీదుగా రాత్రివేళల్లో, అనుమతి లేకుండా, సంస్థానానికి ఆయుధాలు చేరవేశాడు. ఆ తరువాత బ్రిటన్‌లో అతనిపై కేసు నడిచి జరిమానా పడింది. ఒక విమానం నాలుగు ప్రభుత్వాల సమ్మతితో పగటి వెలుగులో లండన్ చేరిన సంవత్సరంలోనే, మరికొన్ని విమానాలు దీపాలు ఆర్పుకుని దొంగదారిన ఎగిరాయి. గగనతల సార్వభౌమాధికారం కాగితాల మీది మాట కాదని, దేశ భద్రతతో ముడిపడిన విషయమని ఆ ఘటనలు చూపాయి.

జాతీయీకరణ

యుద్ధానంతరం దేశీయ మార్గాలకు ప్రభుత్వం విరివిగా లైసెన్సులు ఇచ్చింది. మోయగల భారానికి మించి కంపెనీలు పుట్టాయని, అన్నీ నష్టపోతాయని జె.ఆర్.డి. హెచ్చరించారు. చాలావరకు అలాగే జరిగింది. దానికి ప్రభుత్వం ఎంచుకున్న పరిష్కారం జాతీయీకరణ. 1953 ఆగస్టు 1న దక్కన్ ఎయిర్‌వేస్ సహా ఎనిమిది సంస్థలు కలిసి ఇండియన్ ఎయిర్‌లైన్స్ కార్పొరేషన్‌గా మారాయి. అంతర్జాతీయ సర్వీసులు మరో కార్పొరేషన్ కిందికి వెళ్లాయి. ప్రభుత్వ సహకారంతో విదేశీ మార్గాలను పొందిన సంస్థ చివరకు ప్రభుత్వపరమే అయింది. ముందుగా తనను సంప్రదించలేదని జె.ఆర్.డి. బాధపడ్డారు. అయినప్పటికీ, తాను తప్పుకుంటే సంస్థ ప్రమాణాలు దెబ్బతింటాయని భావించి, ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్ ఛైర్మన్ పదవిని స్వీకరించారు. వేతనం తీసుకోకుండా దాదాపు పాతికేళ్లు ఆ బాధ్యత నిర్వహించారు.

అమెరికాతో వివాదం

ఆయన ఛైర్మన్‌గా ఉన్న తొలి ఏళ్లలోనే ద్వైపాక్షిక ఒప్పందం విలువ ఏమిటో దేశానికి తెలిసివచ్చింది. 1946 నవంబరు 14న భారత్, అమెరికాలు విమాన సర్వీసుల ఒప్పందం చేసుకున్నాయి. ఆ ఒప్పందంతో పాన్ అమెరికన్, టి.డబ్ల్యు.ఏ. సంస్థలు భారతదేశానికి విమానాలు నడిపాయి. మధ్యలోని యూరప్, పశ్చిమాసియా నగరాల్లో కూడా ప్రయాణికులను ఎక్కించుకుని అవి తమ సర్వీసులను పెంచుతూ పోయాయి. భారతీయ సంస్థకు అందవలసిన ప్రయాణికులు చేజారుతున్నారని, సర్వీసుల సంఖ్యను ముందే నిర్ణయించాలని భారత్ కోరింది. ముందు విమానాలు నడవనివ్వాలి, ఇబ్బంది ఉంటే తరువాత సమీక్షించాలి అన్నది అమెరికా వైఖరి. రాజీ కుదరకపోవడంతో 1954 జనవరిలో భారత్ ఒప్పందం రద్దుకు నోటీసు ఇచ్చింది. ఏడాది తరువాత అది రద్దయింది. 1956 ఫిబ్రవరి 3న కొత్త ఒప్పందం కుదిరింది.

1960 మే 14న ఎయిర్ ఇండియా బోయింగ్ 707 విమానంతో లండన్ మీదుగా న్యూయార్క్ సర్వీసు ప్రారంభించింది. అక్కడ కూడా అనుమతుల లెక్క ఉంది. అమెరికా ఒప్పుకున్నంత మాత్రాన చాలదు, లండన్‌లో న్యూయార్క్‌కు కొత్త ప్రయాణికులను ఎక్కించుకోవాలంటే బ్రిటన్ కూడా ఒప్పుకోవాలి. ఆ కాలంలోనే బ్రిటన్, ఆస్ట్రేలియా విమాన సంస్థలతో ఆదాయం పంచుకునే ఏర్పాటులో ఎయిర్ ఇండియా చేరింది. 1958లో అంతర్జాతీయ విమాన రవాణా సంఘానికి జె.ఆర్.డి. అధ్యక్షుడయ్యారు. 1962 నాటికి ఎయిర్ ఇండియా పూర్తిగా జెట్ విమానాలతో నడిచే సంస్థ అయింది.

సీట్ల సంఖ్యపై 1950లలో మొదలైన ఆ వాదన, 2005 ఏప్రిల్ 14న రెండు దేశాలూ పరిమితులు తొలగించే ఒప్పందంపై సంతకాలు చేయడంతో ముగిసింది. 2021 జనవరిలో హైదరాబాదు నుంచి షికాగోకు నేరుగా విమానం బయలుదేరడానికి ఆ ఒప్పందమే వీలు కల్పించింది. భారతీయ సంస్థ విదేశీ మార్గాలు పొందాలంటే ఐదేళ్ల అనుభవం, 20 విమానాలు ఉండాలన్న నిబంధనను 2016లో ప్రభుత్వం సడలించింది. అనుభవం షరతు పోయింది. 20 విమానాలు లేదా మొత్తం సామర్థ్యంలో 20 శాతం, ఏది ఎక్కువైతే అది దేశీయ సర్వీసులకు కేటాయించాలన్న నియమం వచ్చింది.

పదవి నుంచి తొలగింపు

1978 జనవరి 1న ఎంపరర్ అశోక విమానం బొంబాయి తీరంలో సముద్రంలో కూలింది. తరువాతి నెల మొదటి తేదీన మొరార్జీ దేశాయ్ ప్రభుత్వం జె.ఆర్.డి.ని ఛైర్మన్ పదవి నుంచి తొలగించింది. ప్రధాని లేఖ చేతికి అందక ముందే ఆ సమాచారం ఆయనకు ఇతరుల ద్వారా తెలిసింది. 1980లో ఇందిరా గాంధీ ప్రభుత్వం ఆయనను తిరిగి డైరెక్టర్ల బోర్డులోకి తీసుకుంది, ఛైర్మన్‌గా మాత్రం కాదు.

1982 అక్టోబరు 15న, తొలి తపాలా విమానానికి యాభై ఏళ్లు నిండిన సందర్భంగా, 78 ఏళ్ల వయసులో జె.ఆర్.డి. లెపర్డ్ మాత్ అనే పాత విమానాన్ని ఒంటరిగా నడిపి కరాచీ నుంచి బొంబాయికి చేరారు. 1932లో అది ఒకే ప్రభుత్వం కింద ఉన్న రెండు నగరాల మధ్య ప్రయాణం. 1982లో అదే దారి అంతర్జాతీయ మార్గం, పాకిస్థాన్ సమ్మతి లేనిదే చక్రాలు నేల వదలవు. అదే వైమానికుడు, అదే అరేబియా సముద్ర తీరం. మారినది ఆకాశపు యాజమాన్యం.

1992లో ప్రభుత్వం ఆయనకు భారతరత్న ప్రదానం చేసింది. 1993 నవంబరు 29న జెనీవాలో ఆయన కన్నుమూశారు. 1948లో మలబార్ ప్రిన్సెస్ లండన్ చేరేముందు ఆగిన చివరి మజిలీ ఆ నగరమే. పుట్టిన ఊరు పారిస్‌లోని పేర్ లాషేజ్ శ్మశానవాటికలో ఆయనను ఖననం చేశారు. 2022 జనవరి 27న ఎయిర్ ఇండియా తిరిగి టాటాల చేతికి వచ్చింది.

కిరుమాంబాక్కం వాసులు విదేశానికి వెళ్లాలంటే నేటికీ చెన్నై విమానాశ్రయానికే చేరుకుంటారు. వారి చేతిలోని టికెట్టు మీద విమానం సంఖ్య, వేళ, సీటు మాత్రమే ఉంటాయి. ఆ టికెట్టు అమ్మే హక్కు కోసం రెండు ప్రభుత్వాలు చేసిన సంతకాలు, దశాబ్దాల సంప్రదింపులు అందులో కనిపించవు. ఆ సంతకాల కోసం భారతీయుల తరఫున మొదట తలుపు తట్టినవారిలో జె.ఆర్.డి. టాటా ముఖ్యులు.