చేతులు కడుక్కోమన్న వైద్యుడు



పురిటి బిడ్డను చూడబోయినప్పుడు మీరు ముందుగా చేసే పని ఏమిటి? బిడ్డను ఎత్తుకోవడమా, చేతులు కడుక్కోవడమా? చేతులు కడుక్కోండని చెప్పినందుకే నిందలపాలై, చివరకు పిచ్చాసుపత్రిలో కన్నుమూసిన ఒక వైద్యుని జీవితాన్ని ఈ వారం తలుచుకుందాం. ఆయన పేరు ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్.

1818 జూలై 1న హంగేరీలోని బుడా నగరంలో ఒక కిరాణా వ్యాపారి ఇంట ఆయన జన్మించాడు. న్యాయశాస్త్రం చదవడానికి వియన్నా వెళ్ళి, మనసు మార్చుకుని వైద్యం చదివాడు. 1846లో వియన్నా జనరల్ ఆసుపత్రిలోని మొదటి ప్రసూతి విభాగంలో సహాయ వైద్యుడుగా చేరాడు.

ఆ ఆసుపత్రిలో ప్రసూతి విభాగాలు రెండు. మొదటిదానిలో వైద్య విద్యార్థులు, రెండవదానిలో మంత్రసానులు శిక్షణ పొందేవారు. బాలింత జ్వరంతో మొదటి విభాగంలో నూటికి సుమారు 10 మంది తల్లులు చనిపోతుంటే, రెండవదానిలో నలుగురైనా చనిపోయేవారు కాదు. తమను రెండవ విభాగంలోనే చేర్చుకోమని గర్భిణులు కాళ్ళావేళ్ళా పడేవారు.

సెమ్మెల్‌వైస్ ఒక్కొక్క కారణాన్నీ పరీక్షించాడు. గాలి దోషమా? రెండు విభాగాలకూ గాలి ఒకటే. జనం కిక్కిరియడమా? రెండవదానిలోనే రద్దీ ఎక్కువ. అవస్థాభ్యంగనం ఇవ్వడానికి వచ్చే గురువు ముందు గంట మోగుతుంటే, మొదటి విభాగంలోని స్త్రీలు భయపడి జబ్బు పడుతున్నారని కొందరన్నారు. ఆయన అడగగానే ఆ గురువు గంట మాన్పించి, వేరే దారిన వచ్చాడు. మరణాలు మాత్రం తగ్గలేదు.

1847 మార్చిలో ఆయన మిత్రుడు డాక్టర్ కొలెచ్కా మరణించాడు. శవపరీక్ష చేస్తుండగా ఒక విద్యార్థి కత్తి ఆయన వేలికి తగిలింది. చనిపోయాక ఆయన దేహంలో కనిపించిన గుర్తులు బాలింతల దేహాల్లోనివే. తల్లులతోపాటు చనిపోయిన పసికందుల్లోనూ, మగబిడ్డలతో సహా, అవే గుర్తులు. అలాగైతే ఇది ప్రసవానికే చెందిన జబ్బు కాదు. శవాల గదినుండి నేరుగా ప్రసూతి గదికి వస్తున్న వైద్యుల చేతులే ఆ విషాన్ని మోసుకొస్తున్నాయి! ఆ చేతుల్లో తన చేతులూ ఉన్నాయని గ్రహించి ఆయన కుమిలిపోయాడు.

అయితే కుమిలిపోయి ఊరుకోలేదు. ఆ మే నెల నుండే క్లోరిన్ సున్నపు నీళ్ళతో అందరూ చేతులు కడుక్కోవాలని నియమం పెట్టాడు. ఏప్రిల్‌లో నూటికి 18గా ఉన్న మరణాలు జూన్‌కల్లా 2కు పడిపోయాయి. 1848లో రెండు నెలల్లో ఒక్క తల్లి కూడా బాలింత జ్వరంతో చనిపోలేదు.

కాని తమ చేతులే ప్రాణాలు తీశాయన్న మాట పెద్ద వైద్యులకు మింగుడుపడలేదు. ఆయన కూడా తన పరిశోధనను వెంటనే పుస్తకంగా రాయలేదు. 1861లో రాసేనాటికి కోపం పెరిగి, ఎదుటివారిని హంతకులని నిందించాడు. 1865లో ఆయనను పిచ్చాసుపత్రిలో చేర్చారు. అక్కడ దెబ్బలు తిని, గాయం విషమించి, ఆగస్టు 13న 47వ ఏట మరణించాడు. ఆయనను బలిగొన్నది కూడా రక్తం విషపూరితమయ్యే ఆ జబ్బే. బాలింత జ్వరానికి కారణమైన సూక్ష్మజీవిని 1879లో పాశ్చర్ చూపించాడు.

ఆ జబ్బునే నేడు సెప్సిస్ అంటున్నారు. పసికందుకు అది సోకితే పాలు తాగదు, మందకొడిగా ఉంటుంది, ఒళ్ళు కాలుతుంది లేదా చల్లబడుతుంది, ఎగశ్వాస వస్తుంది. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారేదాకా ఆగకండి. ఇంటెన్సివ్ కేర్‌లో వైద్యులు రక్తాన్ని కల్చర్ పరీక్షకు పంపి, ఫలితం వచ్చేలోగానే నరం ద్వారా యాంటిబయాటిక్ మందులు మొదలుపెడతారు. నేడు కొన్ని సూక్ష్మజీవులు ఆ మందులకు లొంగడం లేదు. అందువల్ల జబ్బు సోకనివ్వకపోవడమే మేలు.

అమ్మమ్మలారా, నాయనమ్మలారా, బొడ్డుకు పసుపు, నూనె రాయకండి. తేనె నాకించకండి, ముర్రుపాలు పట్టించండి. బిడ్డను ఎత్తుకునేముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. దీవించడానికి వచ్చిన గురువుకైనా నీళ్ళూ సబ్బూ చూపించండి. వియన్నాలో గంట మాన్పించిన గురువులాగే మేమూ నొచ్చుకోము.